మడమ దిగని పరుపు

నాకు కోపం రాదని మా వీధిలో పేరు. బస్సు సీట్లు, సోఫాలు కుట్టే పని నాది. ఎవరైనా వచ్చి ఇక్కడ గుచ్చుకుంటోంది అంటే విప్పి, లోపలి స్పాంజి మార్చి, మెత్తగా చేసి ఇస్తాను. ముప్పై ఏళ్లుగా అదే తెలుసు. ఆ వేసవిలో మాత్రం కోపం వచ్చి నాలో కాపురం పెట్టింది. దాన్ని తీసేయమని దేవుణ్ణి రోజూ రెండు పూటలా అడిగాను. తీయలేదు. ఎందుకు తీయలేదో అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు కూడా పూర్తిగా అయిందని చెప్పను.

ముందు ఆ కోపం మా అమ్మాయి మీద వచ్చింది. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క జిమ్‌లో రెండేళ్లుగా మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ నేర్చుకుంటోంది. గుద్దడం, తన్నడం, కింద పడేసి పట్టు బిగించడం, అన్నీ కలిసిన ఆట అది. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం కుడి చేతి వేళ్లు వాచిపోయి ఇంటికొచ్చింది. కోచ్‌ని కొట్టానంది. ముక్కు మీద కొట్టానంది. తర్వాత ఆకలేస్తోంది, అన్నం పెట్టమంది.

తింటూ ఏదో చెప్పింది. తనతో పాటు నేర్చుకునే నర్సు ఒకామె ఉంది. ఆమెకు మెడ పట్టు చూపిస్తూ కోచ్ ఎంతకీ వదల్లేదట. ఇక వదలమని ఆమె చేత్తో తట్టినా వదల్లేదట. నేను సగమే విన్నాను. కోచ్‌ని కొట్టాను అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. ఆ కోచ్ మా పెద్దాయన అల్లుడు మరి.

పెద్దాయన అంటే మా ప్రార్థన పెద్ద. పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున మా హాల్లో ఇరవై మంది కూర్చుంటారు. ఆయన గ్రంథం చదివి నాలుగు మంచి మాటలు చెబుతాడు. మా అమ్మ చివరి నాలుగు రోజులూ ఆమె మంచం పక్కనే కూర్చుని చదివినవాడు. ఆ మనిషికి నేను ఎదురు చెప్పిన రోజు లేదు.

సాయంత్రమే కబురు పంపాడు. వెళ్లాను. ఒక్క పరుషమైన మాట అనలేదు. మంచినీళ్లు ఇప్పించాడు. ఇద్దరివీ తొందరపాట్లేనన్నాడు. ఆదివారం ప్రార్థనలో అందరి ముందూ మీ పిల్ల ఒక్క క్షమాపణ మాట అనేస్తే చాలన్నాడు. మరో ఏడు వారాల్లో పెద్ద పోటీ ఉంది. దానికి వెళ్లాలంటే కోచ్ సంతకం కావాలి. క్షమాపణ చెప్పగానే తన అల్లుడి చేత సంతకం చేయిస్తానన్నాడు. నేను సరేనన్నాను. తిరిగి వస్తుంటే ఒళ్లు తేలికగా కూడా అనిపించింది.

ఇంటికొచ్చి అమ్మాయికి చెప్పాను. అది తల ఎత్తి చూసింది.

"ఎవరిని అడిగి మాట ఇచ్చావు నాన్నా?"

"కన్నతండ్రిని, ఒకళ్లని అడగాలా?"

"అయితే ఆ క్షమాపణేదో మీరే చెప్పుకోండి."

మాటలు వచ్చినప్పటి నుంచి నన్ను నువ్వు అని పిలిచిన పిల్ల. ఆ 'మీరు' నాకు చెంపదెబ్బలా తగిలింది. మర్యాదతో కూడా మనిషిని గెంటేయొచ్చని అప్పుడు తెలిసింది.

మా ఆవిడ పొయ్యి తుడుస్తూ అన్నీ వింటూనే ఉంది. ఆ ముక్కు విరిగిందా అని అడిగింది. లేదు, వాచిందంతే అన్నాను. అయ్యో అంది. ఆ అయ్యో ఎందుకో నాకు తెలియలేదు. ఆవిడ మొహం చూస్తే అడగడం మంచిది కాదనిపించింది.

ఆదివారం అమ్మాయి కిందకి రాలేదు. మేం కళ్లు మూసుకుని కూర్చుంటే డాబా మీద దాని పరుగు వినిపించింది. అటు చివరి నుంచి ఇటు చివరికి, ఇటు నుంచి అటు. పెద్దాయన ఒకసారి కప్పు వైపు చూసి, ఫరవాలేదు, ఇంకో వారం చూద్దాం అన్నాడు. ఆ 'ఇంకో వారం' ప్రతి ఆదివారం అంటూనే ఉన్నాడు. ప్రతిసారీ నేను తల దించుకుంటూనే ఉన్నాను. కళ్లు మూసుకుంటే దేవుడు కనబడడం మానేసి ఆ మడమల చప్పుడే వినబడేది. ఎండకి కాలిన డాబా మీద పరిగెత్తి దాని అరికాళ్లు బొబ్బలెక్కాయి. వాటిని చూసినప్పుడు కూడా నాకు కోపమే వచ్చింది. ఇంత మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందా అని.

ఈలోగా అది పోటీ నడిపే సంఘానికి ఉత్తరం రాసిందట. జవాబు వచ్చింది. జిమ్ లేకపోయినా ఫరవాలేదు, ఇంట్లో ఒక గదిని శిక్షణ స్థలంగా నమోదు చేసుకోవచ్చు. కాకపోతే గోడ నుంచి గోడ దాకా సందు లేకుండా మ్యాట్ ఉండాలి. గోడలకు ఛాతీ ఎత్తున మెత్తలు ఉండాలి. గుద్దడానికి వేలాడే బ్యాగ్ ఉండాలి. కనీసం ఇద్దరు నేర్చుకునేవాళ్లుండాలి. సంఘం మనిషి వచ్చి చూసి నచ్చితే సంతకం పెడతాడు. ఆ కాగితాన్ని మా ఆవిడ ఫ్రిజ్ మీద అంటించింది. నాకేం చెప్పలేదు. నీళ్లు తాగిన ప్రతిసారీ అదే చదివేవాణ్ణి.

అందులో ఉన్నదంతా నా పనే. అంత పెద్ద గది మాకు హాలొక్కటే.

ఎవరితోనూ చెప్పకుండా మొదలుపెట్టాను. మంచి మనసుతో మొదలుపెట్టానని అనుకోకండి. ఇంత చేసి పెడితే దాని మనసు కరిగి ఆ ఒక్క మాటా అనేస్తుందని నా లెక్క. షాపులో ఉన్నవాటిలో మేలు రకం స్పాంజి తెచ్చాను, జానెడు మందంది. పైన ముదురెరుపు రెక్సిన్ వేసి, అంచుల్లో తాడు పెట్టి గుండ్రంగా పైపింగ్ కుట్టాను. తొమ్మిది రోజులు పట్టింది. ఆదివారం వస్తే గోడకు ఆనించి, ప్రార్థన అయ్యాక పరిచేవాణ్ణి. అంత అందమైన పని నా చేతుల మీదుగా అంతకు ముందు జరగలేదు.

పరుపులు పూర్తయిన రోజున నర్సు వచ్చింది. అప్పటి నుంచి ఇద్దరూ కలిసి మా ఇంట్లోనే సాధన చేసుకోవాలనుకున్నారు. ఆమెకు పాతికేళ్లుంటాయి. మెడ చుట్టూ పల్చటి స్కార్ఫ్ ఉంది. నన్ను బాబాయ్ అని పిలిచింది. అమ్మాయి ఆమె నడుం పట్టుకుని తిప్పి పడేయబోయింది. దాని మడమ నా స్పాంజిలో దిగిపోయింది. పాదం అక్కడే ఉండిపోయింది, ఒళ్లు తిరిగింది. మోకాలి దగ్గర టక్కుమంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. నర్సు చెంప నా అందమైన పైపింగ్‌కి రాసుకుని తోలు లేచింది.

నర్సే లేచి మోకాలికి కట్టు కట్టింది. పది రోజులు కదపకూడదంది.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఆ పరుపుల వైపు చూసింది. పెళ్లయిన పాతికేళ్లలో ఆవిడ నా మీద గొంతు పెంచింది లేదు. ఆ రోజు కూడా పెంచలేదు.

"ఈ ఇంట్లో ఎవరికి ఏం కావాలో మీరు అడగరు. మీకు తెలిసిందే కుట్టేస్తారు."

పరుపుల గురించే అంది. పరుపుల గురించి మాత్రమే కాదని నాకు తెలుసు.

ఆ పది రోజులు మా ఇంట్లో గిన్నెలు కూడా కోపంగా చప్పుడు చేశాయి. అమ్మాయి కుర్చీలో కాలు చాపుకుని గోడను గుద్దేది. షాపులో నేను కత్తెర పెట్టిన చోటల్లా గుడ్డ వంకరగా తెగేది. ప్రార్థనలో మాత్రం నోరు తెరిచి అడిగాను. కోపం నీకు ఇష్టం లేదంటారు కదా, మరి మా ముగ్గురికీ ఒకేసారి ఎందుకిచ్చావు అని.  అంత సూటిగా అడిగినందుకు భయం వేసి లెంపలు వేసుకున్నాను.

పదకొండో రోజున షాపు నుంచి మూడు రకాల ముక్కలు తెచ్చి హాల్లో పడేశాను. ఒకటి మామూలు స్పాంజి. ఒకటి పల్చటి రబ్బరు. మూడోది స్పాంజి తుక్కుని జిగురుతో కలిపి అచ్చులో ఒత్తి చేసిన దిమ్మ. దాన్ని సీట్ల అడుగున వేస్తాం, దాని మీద ఎవరూ నేరుగా కూర్చోరు.

"ఎలా ఉండాలో చెప్పమ్మా," అన్నాను.

అది నర్సు వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. "చెబితే తెలియదు. పడి చూడండి."

యాభై రెండేళ్ల వయసులో నా కూతురు నన్ను ఎత్తి పడేసింది. మా ఆవిడ గుమ్మం పట్టుకుని, మెల్లిగానే, మెల్లిగా అంది. మెల్లిగా పడితే తెలియదమ్మా అంది ఇది. మొదటి ముక్క మీద పడితే నడుం లోపలికి కుంగి వెన్ను కలుక్కుమంది. రబ్బరు మీద పడితే ఊపిరి బయటకు పోయి కాసేపు తిరిగి రాలేదు. మూడోదాని మీద పడితే చప్పుడు పెద్దగా వచ్చింది, దెబ్బ మాత్రం తెలియలేదు. ఇదే, ఇదే అన్నాను లేవబోతూ.

లేవలేకపోయాను. అమ్మాయి వెనక నుంచి నా మెడ చుట్టూ చెయ్యి వేసి ఉంది. పట్టు బిగుతుగా లేదు, వదులుగానూ లేదు. దాని ఊపిరి నా చెవి దగ్గర వేడిగా తగులుతోంది. అది ఏడుస్తోందో, కోపంగా ఉందో వెనక్కి తిరిగి చూసే వీలు లేదు. కళ్ల ముందు హాలు చిన్నదైపోతోంది. ఏం చేయాలో నాకు తెలియదు.

"తట్టండి బాబాయ్," అంది నర్సు. "చేత్తో తట్టండి. వదిలేస్తుంది."

దాని చేతి మీద తట్టాను. రెండోసారి తట్టడానికి చెయ్యి ఎత్తేలోపే మెడ మీద ఏమీ లేదు. అంత తొందరగా వదిలింది.

లేచి కూర్చుని మెడ తడుముకున్నాను.  నేను నర్సు వైపు తిరిగాను.

"ఆ రోజు నువ్వు ఎన్నిసార్లు తట్టావమ్మా?"

ఆమె కట్టు గుడ్డని చుట్ట చుడుతోంది. చుట్టడం ఆపలేదు.

"లెక్కపెట్టలేదు బాబాయ్. మొదట ఆయన చేతి మీద తట్టాను. ఆసుపత్రిలో తాగుబోతు పట్టుకుంటే ఇలాగే తడతావా అని నవ్వాడు. తర్వాత నేల మీద తట్టాను. తర్వాత చెయ్యి లేవలేదు. అప్పుడు మీ అమ్మాయి కొట్టింది."

నేను దొడ్లోకి వెళ్లి చాలాసేపు మొహం కడుక్కున్నాను. మూడు వారాల పైగా క్షమాపణ చెప్పు, క్షమాపణ చెప్పు అని నేను వెంటపడింది దీనికి. లోపలికి వచ్చి బ్లేడు తీసుకుని, తొమ్మిది రోజుల ముదురెరుపు పనిని నిలువునా చీల్చేశాను. రెక్సిన్ చీలుతుంటే వచ్చే చప్పుడు బాగుంది. అంతకు ముందు నాకు ఏదీ చింపడం ఇష్టం ఉండేది కాదు. ఆ సాయంత్రం ప్రార్థనలో కోపం తీసేయమని అడగలేదు. అడగడం మరచిపోయానని చెబితే అబద్ధమవుతుంది.

ఈసారి ప్రతిదీ అడిగి చేశాను. ఒత్తుడు దిమ్మల్ని గోడ నుంచి గోడకి కొలిచి కోశాను. కాలివేలు దూరే సందు కూడా ఉండకూడదని అమ్మాయి ప్రతి అతుకు మీదా బొటనవేలు నడిపించి చూసింది. కుట్లన్నీ అడుగుకి తిప్పాను. పైన చెంప ఆనినా, మోచెయ్యి రాసుకున్నా ఏదీ తగలదు. నర్సు మడమతో తొక్కి చూసి, దిగడం లేదు బాబాయ్ అంది. గోడలకు బస్సు సీట్ల వీపులు బిగించాను. చేతికి పట్టుకునే ప్యాడ్‌లు కావాలంటే తల ఆనించే దిండ్లకు పట్టీలు కుట్టి ఇచ్చాను. వాటిని పట్టుకుని నిలబడింది ఎవరనుకున్నారు, మా ఆవిడే. మొదటి గుద్దుకి రెండడుగులు వెనక్కి జరిగింది. రెండోదానికి కాలు దన్ను పెట్టి, ఇంతేనా అంది.

బ్యాగ్‌లో ఇసక పోద్దామనుకున్నాను. పోస్తే అడుక్కి దిగి రాయిలా గట్టిపడుతుంది, మణికట్టు విరుగుతుందన్నారు. అందుకని గుడ్డ ముక్కలు నింపాం. షాపులో తుక్కు చాలకపోతే మా ఆవిడ బీరువా తెరిచింది. నా పెళ్లినాటి ప్యాంటు తీసి లోపల కుక్కి, కర్రతో దిగేదాకా పొడిచింది. ఎన్నాళ్లకో పనికొచ్చింది అంది. అమ్మాయి నవ్వింది. నేను కూడా నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

సంఘం మనిషి సోమవారం వస్తున్నాడని తెలిసింది. శనివారం పొద్దున దిమ్మల్ని నేలకు జిగురుతో అంటించాను. ఆ జిగురు పట్టేదాకా పీకడానికి లేదు. ప్రార్థన ఇంకెక్కడైనా పెట్టుకోమని కబురు పంపవచ్చు. కబురు పెట్టారా అని మా ఆవిడ అడిగింది. లేదన్నాను. మనుషులు కూర్చుంటే ఆ బరువుకి ఇంకా బాగా అంటుకుంటుందన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి లోపలికి వెళ్లిపోయింది.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. సోమవారం ఆ మనిషి వచ్చి, నాలుగు మూలలా మడమతో తొక్కి, సంతకం పెట్టాడు. పోటీలో మా అమ్మాయి మొదటి మ్యాచ్ గెలిచి రెండోది ఓడిపోయింది. కన్ను కింద నల్లబడి, ఆకలేస్తోందంటూ ఇంటికొచ్చింది. చెప్పాల్సింది ఆదివారం సంగతి.

అందరూ చెప్పులు విడిచి గుమ్మంలో ఆగిపోయారు. పెద్దాయన కుర్చీ వేసే చోట బ్యాగ్ వేలాడుతోంది. ఆయన దాన్నీ, గోడల్నీ, నన్నూ వరసగా చూశాడు. వీటిని తీయించమన్నాడు. అంటించేశానండీ, తీయడానికి రాదన్నాను. ప్రార్థన ఎక్కడ అన్నాడు. ఇక్కడే, కూర్చోండి అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతిలో ఎప్పటి ఆప్యాయతే ఉంది, అదే నాకు కష్టమైంది.

"నీకు కోపంగా ఉంది," అన్నాడు. "కోపం ఉన్నచోట దేవుడుండడు."

పదకొండేళ్లుగా ఈ మాటకి తల ఊపినవాణ్ణే.

"మరి ఈ ఐదు వారాలూ రోజూ నేను మాట్లాడుతున్నది ఎవరితోనండీ?"

ఆయన చెయ్యి తీసేశాడు. నేను ఆపలేకపోయాను. క్షమాపణ చెప్పిస్తానని మాట ఇచ్చింది నేను, పిల్లని అడక్కుండా ఇచ్చాను, వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. మీ అల్లుడు ఆ నర్సుని ఊపిరి ఆగేదాకా పట్టుకున్నాడు, తట్టినా వదల్లేదు, నవ్వాడు అన్నాను.  అందరూ వంటగది వైపు చూశారు. నర్సు అక్కడ నిలబడి ఉంది. తల దించుకోలేదు. ఆమె పక్కన మా అమ్మాయి, దాని పక్కన మా ఆవిడ.

అసలు ఆడపిల్లలు అలాంటి చోటికి, అని పెద్దాయన మొదలుపెట్టి ఆగిపోయాడు. తర్వాత వెనక్కి తిరిగి చెప్పులు వేసుకున్నాడు. ఇద్దరు, ముగ్గురు, అలా చాలామంది ఆయన వెంట కదిలారు. మా అమ్మ అంత్యక్రియల్లో నన్ను పట్టుకుని నడిపించినవాళ్లు కూడా. ఒక్కళ్లూ నా మొహం చూడలేదు.

పెద్దాయన భార్య మాత్రం అప్పటికే గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పదకొండేళ్లలో మా హాల్లో పాటకి గొంతు కలపడం తప్ప ఆవిడ మాట నేను విన్నది తక్కువ. పెద్దాయన గుమ్మం బయట నుంచి, లే, వెళదాం అన్నాడు.

"మీరు పదండి," అంది ఆవిడ. "నాకు మోకాళ్ల నొప్పి. ఇక్కడ కూర్చుంటే హాయిగా ఉంది."

ఆయన వెళ్లిపోయాడు.

మా ఇంటివాళ్లు, నర్సుతో కలిపి ఎనిమిది మందిమి మిగిలాం. చదివేవాళ్లు లేరు. మా ఆవిడ గ్రంథం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నలుగురి ముందు చదవడం నాకు అలవాటు లేదు. వేలు పెట్టుకుని, తడబడుతూ, ఒక పేజీ చదివాను. ఎవరూ తప్పు పట్టలేదు.

మిగతావాళ్లు వెళ్లాక కూడా పెద్దాయన భార్య లేవలేదు. అరచేత్తో మ్యాట్‌ని నొక్కి చూస్తోంది. తర్వాత నన్ను కాదు, మా అమ్మాయిని అడిగింది.

"ఇక్కడికి ఎవరైనా రావచ్చా? వయసు, పెళ్లి, అలాంటివేమైనా ఉన్నాయా?"

"ఏమీ లేదు అత్తయ్యా. ఏం, మీరు నేర్చుకుంటారా?"

"నేను కాదమ్మా. మా అమ్మాయి."

వాళ్లమ్మాయి అంటే కోచ్ భార్య.  ఆవిడ మ్యాట్ వైపే చూస్తూ ఉంది.

"ఆయనకి తెలియకుండా రావాలి," అంది.

ఏ ఆయనో చెప్పలేదు. మా అమ్మాయి అడగలేదు. పొద్దున పదింటికి జిమ్‌లో క్లాసు నడుస్తుంటుంది, ఆ టైంకి పంపమంది. నర్సు తన డ్యూటీ మార్చుకుంటానంది. వీధి వైపు నుంచి వస్తే పది మంది చూస్తారని మా ఆవిడ అంది.

మా హాలుకి వెనక సందులోకి ఒక తలుపుంది. ఎవరూ వాడక, గడియ తుప్పు పట్టి, ఏళ్ల తరబడి బిగిసిపోయి ఉంది. గోడ మెత్తలు వేసేటప్పుడు దాన్ని కూడా కప్పేశాను. ఆ మధ్యాహ్నం అక్కడి మెత్త విప్పి, గడియకి నూనె పోసి, సుత్తి తెచ్చాను. మెల్లిగా కొట్టండి, విరుగుతుంది అని మా ఆవిడ అంటూనే ఉంది. నేను మెల్లిగా కొట్టలేదు.